పూతరేకుల విదేశయాత్ర

ఉద్దేశం

పల్లెటూరి ఇళ్ళలో సాగే చిన్న పరిశ్రమ విదేశీ విపణికి విస్తరించాలంటే ఏయే దశలు దాటాలో, ఆ విస్తరణ ఫలం శ్రమించిన చేతులకు దక్కాలంటే ఏయే జాగ్రత్తలు అవసరమో ఆత్రేయపురం పూతరేకుల ఉదాహరణతో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ పరచుకొన్న పచ్చని సీమే కోనసీమ. 1847లో ప్రారంభమై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దానిని నిర్మింపజేసిన సర్ ఆర్థర్ కాటన్ పేరు ఈ ప్రాంత ప్రజలకు నేటికీ ప్రాతఃస్మరణీయాలు. కాలువల నీటితో వరి, కొబ్బరి, అరటి పంటలు విస్తరించాయి. అమలాపురం కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. అంబాజీపేట కొబ్బరికి, రావులపాలెం అరటికి పేరుపొందిన మార్కెట్లు.

కొబ్బరికాయ కాయగానే, అరటిగెల గెలగానే లారీ ఎక్కడం ఇక్కడ నిత్యం కనిపించే దృశ్యం. పంటను పంటగానే అమ్మితే రైతుకు దక్కేది పంట ధర మాత్రమే. దానికి నేర్పును జోడించి వస్తువుగా మార్చినప్పుడు కలిగే అదనపు విలువ ఆ మార్పు చేసినవారికి దక్కుతుంది. కొత్తపేట సమీపంలోని ఆత్రేయపురం ఈ సత్యాన్ని ఎన్నడో గ్రహించింది. గుప్పెడు బియ్యాన్ని కాగితం కన్న పలుచని రేకుగా మార్చి, అందులో తీపిని మడిచి లోకానికి అందించింది. ఆ తీపి వస్తువే పూతరేకు.

రేకు పుట్టుక

'పూత', 'రేకు' అనే రెండు మాటల కలయిక 'పూతరేకు'. పూతగా పూసినది రేకుగా ఊడివస్తుంది కనుక ఆ పేరు సార్థకం. దీని తయారీకి జయ రకం బియ్యాన్ని వాడడం పరిపాటి. బియ్యాన్ని నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు కలిపి పాలవలె పలుచగా చేస్తారు. ప్రత్యేకంగా చేయించిన మట్టికుండను బోర్లించి, దాని కింద ఎండిన కొబ్బరి ఆకులతో మంట పెడతారు. పలుచని గుడ్డను పిండినీళ్ళలో ముంచి, కాగిన కుండ వీపుపై పరచి మెల్లగా లాగుతారు. కుండకు అంటుకొన్న పిండి రెప్పపాటులో ఆరి రేకుగా మారుతుంది. దానిని చిరగకుండా ఒడుపుగా తీయాలి.

ఈ పని చెప్పినంత తేలిక కాదు. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది. తక్కువైతే కుండను వదలదు. పిండి చిక్కనైతే రేకు మందమవుతుంది. మరీ పలుచనైతే చిల్లులు పడుతుంది. ఈ కొలతలు ఏ యంత్రమూ చెప్పదు. ఏళ్ళ తరబడి పొయ్యి ముందు కూర్చున్న స్త్రీల చేతివేళ్ళకే అవి తెలుసు. ఇలా తీసిన రేకులను తడిగుడ్డతో కొద్దిగా మెత్తపరచి, నెయ్యి రాసి, పంచదార పొడినో బెల్లపు పొడినో యాలకుల పొడితో కలిపి చల్లి మడత పెడతారు. జీడిపప్పు, బాదం, పిస్తా పలుకులు చేర్చిన రకాలూ నేడు విరివిగా లభిస్తున్నాయి.

గమనించవలసిన విషయం ఒకటి ఉంది. రేకు తీయడం ఒక పని. చుట్ట చుట్టడం మరొక పని. అమ్మడం ఇంకొక పని. ఈ మూడూ ఒకే ఇంట జరగవచ్చు, వేరువేరు చోట్ల జరగవచ్చు. వ్యాపారం ఎంత పెరిగితే ఈ మూడింటి మధ్య దూరం అంత పెరుగుతుంది. ఈ దూరం గురించి తరువాత మళ్ళీ ప్రస్తావించుకొందాం.

పెట్టెలో మొదలైన ప్రయాణం

ఏ చిన్న వ్యాపారానికైనా మొదటి విదేశీ కొనుగోలుదారు సాధారణంగా పరాయివాడు కాడు. పరదేశంలో ఉన్న మనవాడే. కోనసీమ నుండి ఎందరో స్త్రీపురుషులు జీవనోపాధికై గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. విద్య, ఉద్యోగాల నిమిత్తం అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాలకు వెళ్ళినవారూ అనేకులు. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు వారి పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన పూతరేకుల పొట్లం చోటు చేసుకొంటుంది. అక్కడ పదిమందికి పంచిన రుచి పదిమంది చేత అడిగిస్తుంది. పైసా ఖర్చు లేని ప్రచారం ఇది.

అయితే చుట్టపు చూపుగా తీసుకువెళ్ళడం వేరు, సరుకుగా ఎగుమతి చేయడం వేరు. పెట్టెలో తీసుకువెళ్ళిన రేకులు విరిగినా బంధువు మారు మాట్లాడడు. డబ్బు చెల్లించిన దుకాణదారు అలా ఊరుకోడు. అభిమానంతో కొనేవారి సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. పూతరేకు పేరే వినని వ్యక్తి కూడా కొన్ననాడే నిజమైన విస్తరణ సాధ్యమవుతుంది.

వియత్నాం దేశపు బియ్యపు రేకు ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడి పల్లెల్లో మరిగే నీటికుండపై గుడ్డ బిగించి, దానిపై బియ్యపు పిండిని పలుచగా పోసి, ఆవిరి మీద ఉడికించి, వెదురు తడికలపై ఎండబెడతారు. ఇళ్ళలో పుట్టిన ఆ రేకు నేడు అనేక దేశాల దుకాణాలలో దొరుకుతున్నది. దానితో కూరగాయలను చుట్టుకొని తినేవారిలో వియత్నాం ముఖం చూడనివారు ఎందరో! ఎండిన రేకు చాలాకాలం నిలువ ఉండడం, ఎవరి రుచికి తగినట్లు వారు వాడుకొనే వీలుండడం ఆ విజయానికి తోడ్పడ్డాయి.

మొదటి పరీక్ష: నిలుకడ

విదేశీ విపణిలో సరుకుకు ఎదురయ్యే మొదటి పరీక్ష నిలుకడ. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. సరుకు చెడకుండా నిలవాలి. నాణ్యత మారకుండా నిలవాలి.

పూతరేకుకు గాలిలోని తేమ శత్రువు. తేమ తగిలితే రేకు మెత్తబడి అంటుకుపోతుంది. మరీ ఎండితే పెళుసై పొడి అవుతుంది. నెయ్యి పాతబడితే వాసన మారుతుంది. కాబట్టి గాలి చొరని పొట్లం, ఒత్తిడికి తట్టుకొనే గట్టి పెట్టె, తయారీ తేదీ, ఎంతకాలంలోగా తినాలో తెలిపే ముద్ర తప్పనిసరి. ఎంతకాలం నిలువ ఉంటుందో ఊహించి రాయకూడదు. ప్రయోగశాలలో పరీక్ష చేయించి రాయాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక్కొక్క పెట్టెకు 100 రూపాయల ఖర్చుతో 100 పెట్టెలు తయారుచేశామనుకొందాం. మొత్తం ఖర్చు 10,000 రూపాయలు. దారిలో 10 పెట్టెలు పాడైతే, మిగిలిన 90 పెట్టెలే ఆ ఖర్చంతా మోయాలి. అప్పుడు ఒక్కొక్క పెట్టె ఖర్చు సుమారు 111 రూపాయలవుతుంది. రవాణా చార్జీలు, బీమా, సుంకాలు దీనికి అదనం. పాడైన పదింటి వల్ల పోయిన పేరుకు లెక్క కట్టలేము. పెట్టెకు నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టి గట్టి అట్ట కొనడం వృథా ఖర్చు కాదని ఈ లెక్క చెబుతుంది.

నాణ్యత మారకపోవడం ఇంతకన్న కష్టమైన పని. యాభై ఇళ్ళలో యాభై చేతులు తీసిన రేకులు ఒకే పెట్టెలో చేరాలంటే రేకు పరిమాణం, పలుచదనం, తీపి పాళ్ళు, శుభ్రత అన్నిటికీ ఒక ఒప్పందం ఉండాలి. చేతిపనికి వన్నె తెచ్చేది దాని వైవిధ్యమే అయినా, దూరదేశపు కొనుగోలుదారు మొదటిసారి తిన్న రుచే రెండవసారీ దొరకాలని కోరుకొంటాడు.

రెండవ పరీక్ష: పత్రాలు

సరిహద్దు దాటే ప్రతి సరుకు వెంటా పత్రాలు కూడా ప్రయాణిస్తాయి. మన దేశంలో ఎగుమతి చేయదలచినవారు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నుండి ఎగుమతి దిగుమతి కోడ్ సంఖ్యను పొందాలి. ఆహార పదార్థాల తయారీదారులకు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు లేదా లైసెన్సు అవసరం. వ్యవసాయ ఆధారిత ఆహారోత్పత్తుల ఎగుమతులను ప్రోత్సహించడానికి 1985 నాటి చట్టం ద్వారా ఏర్పడిన 'అపెడా' సంస్థ శిక్షణ, ప్రదర్శనలు, సమాచారం వంటి సహాయాలు అందిస్తుంది.

అంతటితో సరిపోదు. సరుకు చేరే దేశపు చట్టాలనూ పాటించాలి. అమెరికాకు ఆహారం పంపే తయారీ కేంద్రం అక్కడి ఆహార, ఔషధ పాలనా సంస్థ వద్ద నమోదై ఉండాలి. సరుకు చేరకముందే ఆ సంస్థకు సమాచారం అందాలి. పాలు, జీడిపప్పు, బాదం వంటివి కొందరి శరీరానికి పడవు. అందువల్ల అవి కలిసిన ఆహారపు పొట్లంపై ఆ సంగతి స్పష్టంగా ముద్రించాలని అక్కడి చట్టం ఆదేశిస్తున్నది. నెయ్యి పాల నుండి వచ్చినదే కదా! మన ఇంట పండుగ వంటలో ఎవరూ అడగని ఈ వివరం అక్కడ లేకపోతే సరుకు ఆగిపోతుంది. అంతేకాక పాల ఉత్పత్తులు కలిసిన ఆహారంపై అనేక దేశాలు ప్రత్యేక నిబంధనలు విధించాయి.

ఇక్కడ వియత్నాం అనుభవం గుర్తుకు తెచ్చుకోవాలి. నెయ్యి, తీపి చేర్చని వట్టి రేకులు కూడా మన ప్రాంతంలో అమ్ముతారు. వాటిని పంపితే పాల ఉత్పత్తులకు సంబంధించిన చిక్కు ఉండదు. నిలువ కాలమూ పెరుగుతుంది. కొన్నవారు తమ ఇంటి నెయ్యి, తమకు నచ్చిన తీపి చేర్చుకొంటారు. నిబంధనను అడ్డుగోడగా కాక దారి చూపే గుర్తుగా భావించిన వ్యాపారికి ఇటువంటి ఉపాయాలు తోస్తాయి.

డబ్బు రాక విషయంలోనూ జాగ్రత్త అవసరం. సరుకు ఓడెక్కిన తరువాత కొనుగోలుదారు మాట తప్పితే కోనసీమ తయారీదారు అతని ఇంటికి వెళ్ళి అడగలేడు. అందుకే బ్యాంకుల ద్వారా 'లెటర్ ఆఫ్ క్రెడిట్' పద్ధతి ఏర్పడింది. కోరిన పత్రాలు సక్రమంగా అందితే కొనుగోలుదారుని బ్యాంకు సొమ్ము చెల్లిస్తుందనే హామీ అది. విదేశీ కొనుగోలుదారు చెల్లించకపోతే కలిగే నష్టానికి బీమా కల్పించేందుకు 1957లోనే కేంద్ర ప్రభుత్వం ఒక సంస్థను స్థాపించింది. అదే నేటి 'ఇ.సి.జి.సి.' చిన్న పొట్లాలు పంపేవారికి తపాలా శాఖ వారి 'డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రాలు' ఉపయోగపడుతున్నాయి. మొదటే పెద్ద మొత్తంలో పంపక, చిన్న నమూనాతో ఆరంభించి, లోపాలు దిద్దుకొని ముందుకు సాగడం వివేకం.

మూడవ పరీక్ష: పేరు

సరుకుకు గిరాకీ కలిగిన మరుక్షణం దాని పేరుకూ గిరాకీ కలుగుతుంది. ఎక్కడో తయారైన వస్తువుకు ప్రసిద్ధమైన ఊరి పేరు అతికించి అమ్మడం వ్యాపారలోకంలో కొత్త కాదు. 1997లో అమెరికాలోని రైస్‌టెక్ అనే కంపెనీ బాస్మతి రకాల వరిపై పేటెంటు పొందింది. భారతదేశం అభ్యంతరం తెలిపి పోరాడిన పిమ్మట అందులోని అధికభాగం హక్కులు రద్దయ్యాయి. తరతరాల రైతుల కృషి ఫలాన్ని కాపాడుకోవడానికి చట్టబద్ధమైన రక్షణ ఎంత అవసరమో ఆ వివాదం చాటిచెప్పింది.

మన దేశంలో భౌగోళిక సూచికల చట్టం 1999లో రూపొంది, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోకి వచ్చింది. ఒక ప్రాంతపు నేల, నీరు, నేర్పు వల్ల ప్రత్యేకత పొందిన వస్తువుకు ఆ ప్రాంతం పేరును వాడుకొనే హక్కును ఈ చట్టం అక్కడి ఉత్పత్తిదారులకు ఇస్తుంది. దేశంలో మొదట ఈ గుర్తింపు పొందినది డార్జిలింగ్ తేయాకు. మన తిరుపతి లడ్డూకు 2009లో ఈ గుర్తింపు లభించింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకొన్న ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం చేసిన కృషి ఫలితంగా 2023లో ఆత్రేయపురం పూతరేకులకూ ఈ గౌరవం దక్కింది. అన్నం పెట్టిన ఆనకట్టను కట్టించినవాని పేరే బియ్యపు రేకుల సంఘానికి ఉండడం ఔచిత్యభరితం.

ఈ గుర్తింపు స్వభావాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. పూతరేకులు ఎవరైనా, ఎక్కడైనా చేసుకోవచ్చు. వాటిని 'ఆత్రేయపురం పూతరేకులు' అని అమ్మకూడదు. గుర్తింపు పది సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి. తయారీదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకోవాలి. అన్నిటికన్న ముఖ్యమైన సంగతి, ఈ హక్కు మన దేశపు సరిహద్దుల వరకే వర్తిస్తుంది. పరదేశంలో రక్షణ కావాలంటే ఆ దేశపు చట్టం ప్రకారం మళ్ళీ నమోదు చేయించుకోవాలి. డార్జిలింగ్ తేయాకు 2011లో ఐరోపా సమాఖ్యలో అటువంటి రక్షణ సాధించింది. కాగితం మీది గుర్తింపు కంచె వంటిది. కంచె వేసి ఊరుకొంటే చేను పండదు. నాణ్యతతో కూడిన సాగు ఆగకూడదు.

ఆవలి ఒడ్డు నేర్పిన పాఠం

రాజోలు ప్రాంతంలోని సఖినేటిపల్లి రేవులో నిలిచి చూస్తే వసిష్ఠ ఆవలి ఒడ్డున నరసాపురం కనిపిస్తుంది. విదేశీ వాణిజ్యంలో ఈ రెండు ఒడ్డులకూ ఎంతో అనుభవం ఉంది. పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఈ ప్రాంత స్త్రీలకు దారంతో లేసు అల్లడం నేర్పారు. కొక్కెపు సూదితో ఇంట కూర్చొని అల్లిన ఆ లేసులు ఐరోపా దేశాల ఇళ్ళలో బల్లల మీద, కిటికీల మీద అలంకారాలయ్యాయి. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అయితే ఈ కథకు మరొక పార్శ్వం ఉంది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970వ దశకం చివరలో ఇక్కడి లేసు పనివారి జీవితాలను పరిశీలించి, 1982లో ఒక గ్రంథం వెలువరించారు. రోజూ గంటల తరబడి శ్రమించే స్త్రీలను సమాజం శ్రామికులుగా గుర్తించక, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకొనే గృహిణులుగా భావించిందని ఆమె నిరూపించారు. కూలి అత్యల్పం. తాము అల్లినది ఏ దేశం వెళ్తుందో, ఎంతకు అమ్ముడుపోతుందో ఎరిగినవారు అరుదు. ఎగుమతి పెరిగింది, వ్యాపారులు వృద్ధి చెందారు, సూది పట్టిన చేతికి మాత్రం పైసలే మిగిలాయి.

ఇంతకుముందు ప్రస్తావించుకొన్న దూరం ఇదే. రేకు తీసే ఆమెకూ, పెట్టెపై ధర ముద్రించే వ్యక్తికీ నడుమ ఉన్న దూరం. ఎగుమతి ఆ దూరాన్ని గోదావరి పాయంత కాదు, సముద్రమంత చేయగలదు. లేసు విషయంలో జరిగినది రేకు విషయంలో జరగకుండా చూసుకొనే అవకాశం నేటి తరానికి ఉంది. పొదుపు సంఘాల ద్వారా లెక్కలు రాయడం, బ్యాంకుతో వ్యవహరించడం మన గ్రామీణ స్త్రీలకు అలవాటయింది. రేకు తీసేవారు సంఘటితమై ఉమ్మడిగా బియ్యం, నెయ్యి కొని, ఉమ్మడి ప్యాకింగ్ కేంద్రం నెలకొల్పుకొని, అధీకృత వినియోగదారులుగా తమ పేర్లనే నమోదు చేయించుకొంటే బేరమాడే శక్తి వారికి వస్తుంది. పొయ్యి సెగ, పొగ తగ్గే మెరుగైన పనిస్థలం ఏర్పరచడం దయ కాదు, వ్యాపార ధర్మం. ఆ చేతులు అలసి పని మానితే, నేర్చుకోవలసిన కూతుళ్ళు వేరే దారి చూసుకొంటే, గుర్తింపు పత్రం గోడకు వేలాడుతుంది గాని కుండ మీద రేకు లేవదు.

ముగింపు

చిన్న వ్యాపారం పెద్దది కావడమంటే పెద్ద భవనంలోకి మారడం కాదు. చెడని సరుకు, తప్పని మాట, సరైన పత్రం, కాపాడుకొన్న పేరు, న్యాయమైన పంపకం - ఈ అయిదూ కుదిరిన వ్యాపారం పూరిపాకలో ఉన్నా ప్రపంచాన్ని చేరగలదు. వీటిలో మొదటి నాలుగూ సరుకును సముద్రం దాటిస్తాయి. అయిదవది సముద్రం దాటి వచ్చిన సంపదను తిరిగి పొయ్యి దగ్గరకు చేరుస్తుంది.

మీ ఊరిలోనూ ఇటువంటి నేర్పు ఏదో ఒకటి తప్పక ఉంటుంది. అది కొబ్బరిపీచు తాడు కావచ్చు, చేనేత చీర కావచ్చు, అప్పడాల పొట్లం కావచ్చు. వాణిజ్యశాస్త్రం చదివినవారు లెక్క కట్టగలరు. విజ్ఞానశాస్త్రం చదివినవారు నిలువ కాలాన్ని పరీక్షించగలరు. భాషలు నేర్చినవారు దాని కథను పదిమందికి చెప్పగలరు. చదువుకొన్న బిడ్డలు ఆ నేర్పుకు తోడునిలిచిననాడు, పలుచని బియ్యపు రేకు కూడా ఒక ఊరి బతుకును మోయగలదు.

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చిన్న పరిశ్రమ విదేశీ విపణిలో ఎదుర్కొనే పరీక్షలను పూతరేకుల ఆధారంగా వివరించండి.
2. లేసు పరిశ్రమ చరిత్ర నుండి పూతరేకుల తయారీదారులు గ్రహించవలసిన పాఠం ఏమిటి?

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పూతరేకు తయారీ విధానాన్ని తెలపండి.
2. భౌగోళిక సూచిక వల్ల కలిగే ప్రయోజనం, దాని పరిమితి ఏమిటి?
3. వట్టి రేకుల ఎగుమతి వల్ల ఒనగూడే సౌలభ్యం ఏమిటి?

ఇ) ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలో ఇళ్ళలో తయారయ్యే ఒక వస్తువును ఎన్నుకోండి. దాని అమ్మకపు ధరలో తయారుచేసినవారికి ఎంత దక్కుతున్నదో అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా నివేదిక రాయండి.